మొదటి మనిషికి ఇచ్చిన జట్టు

పోయిన భాగంలో పల్వంకర్ బాలు గురించి రాశాను. చమార్ కులంలో పుట్టి, తన స్పిన్‌తో ఇంగ్లీషు జట్లను ముప్పుతిప్పలు పెట్టిన మనిషికి హిందూ జట్టు కెప్టెన్సీ చివరిదాకా ఇవ్వలేదు. తమ్ముడు విఠల్‌కి 1923లో దక్కింది. అది చదివి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఆడనివ్వడం వేరు, ఆడించే కుర్చీ ఇవ్వడం వేరు కదా?" ఆ కుర్చీ గురించే ఈ భాగం. చోటు మాత్రం అమెరికా, మిసిసిపీ రాష్ట్రం.

అక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే మన ఆట కాదు. కోలబంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తే ఆట. దక్షిణాది రాష్ట్రాల్లో శనివారం వస్తే కాలేజీ జట్టు మ్యాచ్ ఊరికి జాతరే. ఆ పెద్ద విశ్వవిద్యాలయాల కూటమి సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్ 1932లో పుట్టింది. 2003 నవంబర్ వెళ్ళిపోయేదాకా అందులో ఒక్క నల్లజాతి హెడ్ కోచ్ కూడా లేడు. అప్పటికే మైదానంలో చెమటోడ్చే ఆటగాళ్ళలో సగానికి పైగా నల్లపిల్లలే!

2003 డిసెంబర్ 1న మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ సిల్వెస్టర్ క్రూమ్‌ని తీసుకుంది. ఈయన పుట్టిపెరిగింది అలబామాలోని టస్కలూసాలో. 1963 జూన్‌లో గవర్నర్ జార్జ్ వాలెస్ నల్ల విద్యార్థులు లోపలికి రాకుండా యూనివర్సిటీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది ఆ ఊళ్ళోనే. క్రూమ్‌కి అప్పుడు ఎనిమిదేళ్ళు. తండ్రి కూడా మంచి ఆటగాడే, కానీ నల్లవాళ్ళ కాలేజీకి ఆడాల్సి వచ్చింది. కొడుకు మాత్రం వాలెస్ అడ్డుకున్న ఆ యూనివర్సిటీకే సెంటర్‌గా ఆడాడు. ప్రతి ఎత్తుకీ బంతి అందించి ఆట మొదలుపెట్టేది సెంటరే. బుర్ర వాడాల్సిన చోటని దాన్ని చాలాకాలం తెల్లవాళ్ళకే కేటాయించేవారు. మన దగ్గర ఎవరు బౌలింగ్ చెయ్యాలి, ఎవరు బ్యాటింగ్ చెయ్యాలి అని కులం తేల్చినట్టు.

2003 మే నెలలో సొంత అలబామాలోనే హెడ్ కోచ్ ఉద్యోగం ఖాళీ అయింది. పోటీలో క్రూమ్ ఉన్నాడు. కోచింగ్‌లో పాతికేళ్ళు దాటిన అనుభవం. ఉద్యోగం మైక్ షులాకి ఇచ్చారు. ముప్పై ఏడేళ్ళవాడు, పెద్ద కోచ్ గారి అబ్బాయి. ఇద్దరూ అంతకుముందు హెడ్ కోచ్‌గా చెయ్యనివాళ్ళే. మెరిట్ అనే మాటకి అక్కడా మన అర్థమే.

మరి మిసిసిపీ స్టేట్ ఎందుకు పిలిచింది? అంతకుముందు మూడు సీజన్లు కలిపి ఆ జట్టు గెలిచినవి ఎనిమిది మ్యాచ్‌లు. పాత పాలనలో జరిగిన నిబంధనల ఉల్లంఘన మీద విచారణ నడుస్తోంది. ఖజానా ఖాళీ అయ్యాక పంచాయతీ తాళంచెవులు మనోళ్ళ చేతిలో పెట్టడం చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వచ్చిన రోజున క్రూమ్ అన్నాడు, ఇక్కడ లెక్కలోకొచ్చే రంగు ఒక్కటే, అది మెరూన్ అని. జట్టు చొక్కా రంగన్నమాట. అప్పటికి ఆ రాష్ట్రపు జెండా మీద బానిసత్వం కోసం యుద్ధం చేసినవాళ్ళ గుర్తు ఇంకా ఉంది. 2001లో ఓట్లు వేసి మరీ ఉంచుకున్నారు. ఆ మాట నాకు మొదట కోపం తెప్పించింది. తర్వాత ఆలోచిస్తే, అంతమంది కెమెరాల ముందు మొదటివాడు ఇంకేం అనగలడు?

2004 సీజన్ 28-7తో టులేన్ మీద గెలుపుతో మొదలైంది. ఆ తర్వాత వరసగా ఐదు ఓటములు. వాటిలో ఒకటి మెయిన్ అనే కింది డివిజన్ జట్టు చేతిలో, సొంత మైదానంలో, 9-7. మరుసటి వారం ఎల్‌ఎస్‌యూ చేతిలో 51-0. ఇలాంటప్పుడు తెల్ల కోచ్ ఓడితే ఆ కోచ్ ఓడినట్టు. క్రూమ్ ఓడితే జాతంతా బోనెక్కాలి.

అక్టోబర్ 23న ఫ్లోరిడా వచ్చింది. పెద్ద పేరున్న జట్టు. గెలుస్తారని ఎవరూ అనుకోలేదు. స్కోరు సమంగా ఉండగా, చివరి నిమిషంలో జెరియస్ నార్‌వుడ్ బంతి పట్టుకుని గీత దాటేశాడు. 38-31. ఆ వారంలోనే విచారణ తీర్పు వచ్చింది: ఆ ఏడాది సీజన్ తర్వాతి మ్యాచ్‌లు బంద్, స్కాలర్‌షిప్పుల్లో కోత. తప్పు చేసింది ఒకరు, శిక్ష మోసింది ఇంకొకరు. కెంటకీ మీద ఇంకో గెలుపు. టస్కలూసా వెళ్ళి షులా జట్టు చేతిలో 30-14తో ఓటమి. చివరికి 3 గెలుపులు, 8 ఓటములు.

తర్వాత రెండేళ్ళూ మూడేసి గెలుపులే. 2007లో 8 గెలిచి కాన్ఫరెన్స్‌లో ఉత్తమ కోచ్ అయ్యాడు. 2008లో మళ్ళీ పడిపోగానే రాజీనామా. మళ్ళీ ఎక్కడా హెడ్ కోచ్ కాలేదు. ప్రొఫెషనల్ జట్లలో సహాయ కోచ్‌గా వెనక్కి వెళ్ళాడు.

క్రూమ్ జట్టు చేతిలో ఓడిన రెండు రోజులకు ఫ్లోరిడా తన కోచ్ రాన్ జూక్‌ని తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆయన తెల్లవాడు. అదే ఏడాది డిసెంబర్‌లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఆయన్ని పిలిచి హెడ్ కోచ్‌ని చేసింది.