పంజరంలో పొగ, అంగిలి మీద నిప్పు: ఎలుకలపై ధూమశ్వసన ప్రయోగాలు – గోదావరి డెల్టా నుంచి ఒక పరిశీలన

సారాంశం

సిగరెట్టు పొగను ఎలుకలకు, చిట్టెలుకలకు పీల్పించి హానిని కొలిచే ప్రయోగాలు పొగాకు పరిశోధనలో ముఖ్యమైన శాఖ. ఈ వ్యాసం ఆ ప్రయోగాల పద్ధతులను, ఫలితాలను కోస్తా ఆంధ్రలోని చుట్ట అలవాటు పక్కన పెట్టి చూస్తుంది. పొగ ఏ ఆకుది, ఏ దారిన చేరింది, ఎంత వేడితో తగిలింది అనే మూడు ప్రశ్నలు వేయకుండా పంజరంలో వచ్చిన ఫలితాన్ని మనిషికి అన్వయించకూడదన్నది ఇక్కడి ప్రతిపాదన.

1. ప్రవేశిక: ఒకే నది, రెండు పొగాకులు

 గోదావరి తూర్పు డెల్టా వరిచేల సీమ. పొగాకు మాత్రం నది పాయల మధ్య లంకల్లో, వరద వదిలిపోయిన ఒండ్రులో పండేది. అదే లంక పొగాకు. దానితో చుట్టింది లంక చుట్ట. నదికి ఎగువన రాజమహేంద్రవరంలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది. వర్జీనియా పొగాకు ఆ సంస్థ పనిలో పెద్ద భాగంగా ఉండేది.

ఈ రెండు ఆకులకు తేడా ఆరబెట్టడం దగ్గరే మొదలవుతుంది. వర్జీనియా ఆకును బ్యారన్‌లో వేడిగాలితో ఆరబెడతారు. అందులో చక్కెరలు నిలుస్తాయి, పొగకు ఆమ్లగుణం వస్తుంది. ఆ పొగలోని నికోటిన్ నోటి పొరగుండా సరిగా ఎక్కదు. ఊపిరితిత్తుల దాకా లాగాల్సిందే. గాలికీ ఎండకీ ఆరిన చుట్టాకు పొగ క్షారగుణం వైపు మొగ్గుతుంది. అందులోని నికోటిన్ నోట్లోనే ఇంకుతుంది. అందుకే చుట్ట తాగేవాడు పొగను లోపలికి పీల్చకపోయినా తృప్తి పడతాడు. సిగరెట్టుకు ఊపిరితిత్తి ఎలాగో చుట్టకు నోరు అలాగ. ఈ చిన్న రసాయన భేదం మీదే ఈ వ్యాసంలోని వాదం నిలబడింది.

2. చర్మం మీది తారు నుంచి పంజరంలోని పొగ దాకా

1953లో ఎర్నెస్ట్ విండర్, ఎవార్ట్స్ గ్రాహం, అడెల్ క్రోనింగర్ సిగరెట్టు తారును చిట్టెలుకల వీపుకు పూసి క్యాన్సర్ పుట్టించారు. 1954 జనవరి 4న అమెరికా పత్రికల్లో సిగరెట్టు కంపెనీలు ఇచ్చిన పూర్తి పేజీ ప్రకటన చిట్టెలుకల ప్రయోగాలను ప్రస్తావిస్తూ, వాటి ఆధారంగా ఒక నిర్ణయానికి రాలేమంది. వీపుకు పూసిన తారు వేరు, పీల్చిన పొగ వేరు అన్న అభ్యంతరంలో కొంత నిజం లేకపోలేదు. మనిషి తీసుకునే దారిలోనే జంతువుకూ పొగ అందాలన్న కోరికకు అదే బలం.

ఆ దారిలో అడ్డంకులు చాలా. ఎలుక ముక్కుతోనే ఊపిరి తీస్తుంది. దాని ముక్కులోని మెలికల గదులు పొగలోని కణాలను, ఆవిరులను కొంతమేర పట్టేస్తాయి. మనిషి నోటితో లాగినప్పుడు ఆ జల్లెడ ఉండదు. ఘాటు తగలగానే ఎలుక ఊపిరి నెమ్మదిస్తుంది, పొగను కావాలని గుండెలనిండా లాగదు. మోతాదు పెంచుదామంటే కార్బన్ మోనాక్సైడ్, నికోటిన్ విషప్రభావం ముందుకొచ్చి జంతువు చనిపోతుంది. పైగా ఎలుక ఆయుష్షు రెండు మూడేళ్లు. మనిషిలో ముప్పై నలభై ఏళ్లు పట్టే వ్యాధిని ఆ గడువులోనే చూడాలి.

పొగ పట్టించే తీరులు ప్రధానంగా రెండు. ఒకదానిలో జంతువు ఒళ్లంతా పొగగదిలో ఉంటుంది. ఎక్కువకాలం నడపడానికి ఇది వీలే కాని, బొచ్చు మీద పేరుకున్న తారును ఎలుక నాక్కుంటుంది. ఊపిరి మోతాదుకు కడుపు మోతాదు తోడవుతుంది. రెండోదానిలో జంతువును గొట్టంలో ఉంచి ముక్కును మాత్రమే పొగకు చూపుతారు. అప్పుడు నాకే అవకాశం తగ్గుతుంది, బంధించిన ఒత్తిడి కలుస్తుంది. పోలిక గుంపును అవే గొట్టాల్లో శుభ్రమైన గాలికి ఉంచకపోతే, వచ్చిన మార్పు పొగ వల్లనో బంధనం వల్లనో తేలదు.

పొగ తయారీకీ కొలత ఉంది. ప్రామాణిక యంత్రం నిమిషానికొకసారి, రెండు సెకన్లపాటు, 35 మిల్లీలీటర్ల దమ్ము లాగుతుంది. అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయం ఈ పరిశోధనల కోసమే ప్రామాణిక సిగరెట్లు అందిస్తుంది. గదిలోని పొగ గాఢతను ఘనపు మీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల కణాలని రాస్తారు. అయితే గదిలో ఉన్నదంతా జంతువుకు చేరినట్టు కాదు. రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్, నికోటిన్ నుంచి పుట్టే కోటినిన్ ఎంత ఉన్నాయో చూస్తేనే అసలు మోతాదు తెలుస్తుంది.

3. ఫలితాలు: ఆలస్యంగా వచ్చిన సాక్ష్యం

జర్మనీలో డొంటెన్‌విల్ బృందం హాంస్టర్లకు పొగ పట్టించినప్పుడు కణుతులు ఎక్కువగా స్వరపేటికలో వచ్చాయి. పొగ మొదట ఒరుసుకున్న ఇరుకు చోటు అదే మరి. ఊపిరితిత్తుల్లో స్పష్టమైన ఫలితానికి చాలాకాలం పట్టింది. కాలిఫోర్నియాలో హన్స్‌పీటర్ విట్చీ బృందం 1990లలో ఎ/జె జాతి చిట్టెలుకలను ఐదు నెలలు పొగలో ఉంచి, తర్వాత నాలుగు నెలలు మంచి గాలికి వదిలింది. ఊపిరితిత్తుల కణుతులు పెరిగినట్టు తేలింది ఆ విరామం తర్వాతే. పొగలో ఉన్నన్నాళ్లూ జంతువు బరువు పెరగక, ఒత్తిడిలో ఉండి, కణితి ఎదుగుదల మరుగుపడుతుందన్నది దీనికిచ్చే వివరణల్లో ఒకటి. 2005లో అమెరికాలోని లవ్‌లేస్ సంస్థ బృందం ఆడ చిట్టెలుకలను ఘనపు మీటరుకు 250 మిల్లీగ్రాముల పొగలో, రోజుకు ఆరు గంటలు, వారానికి ఐదు రోజులు, దాదాపు జీవితకాలమంతా ఉంచి ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరుగుదలను చూపింది.

తొలి దశాబ్దాల్లో ఎలుకకు క్యాన్సర్ తేలిగ్గా రాకపోవడాన్ని పరిశ్రమ తనకు అనుకూలమైన సాక్ష్యంగా వాడుకుంది. నిజానికది ఎలుక ముక్కు గురించీ, మోతాదు గురించీ, వేచిచూసిన కాలం గురించీ చెప్పిన మాట. పొగ నిర్దోషమని ఆ ప్రయోగాలేవీ చెప్పలేదు.

4. అడ్డపొగ: ఆంధ్ర తీరం వేసిన ప్రశ్న

కోస్తా ఆంధ్రలో, ముఖ్యంగా ఉత్తరాంధ్రలో, చుట్టను తిప్పి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం ఉంది. దీన్నే అడ్డపొగ అంటారు. ఇది ఎక్కువగా ఆడవాళ్ల అలవాటు. విశాఖపట్నంలో కిని, సుబ్బారావు 1937లోనే అంగిలి క్యాన్సర్‌కూ ఈ అలవాటుకూ ఉన్న సంబంధాన్ని గుర్తించారు. డి. గోవిందరెడ్డి, వి.కె. రావు 1957లో కోస్తా ఆంధ్రలోని అంగిలి క్యాన్సర్ మీదే పత్రం రాశారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి అంగిలి మార్పులను నమోదు చేశారు.

ఇక్కడ ప్రయోగశాలకు కొత్త ప్రశ్న ఎదురైంది. క్యాన్సర్‌కు కారణం తారా, వేడా, రెండూ కలిసా? గోవిందరెడ్డి, డి. భాస్కరరెడ్డి, పి. రామచంద్రరావు 1960లో అంతర్జాతీయ పత్రిక ‘క్యాన్సర్’లో ప్రకటించిన జంతు ప్రయోగం సరిగ్గా దీన్నే పట్టుకుంది: పొగాకు తారుకు వేడిని జోడించి చూడడం. నిప్పును అంగిలి కింద పెట్టుకునే మనుషుల్ని కళ్లారా చూసిన వైద్యులకు వేడిని పక్కనపెట్టడం సాధ్యం కాలేదు. పాశ్చాత్య ప్రయోగశాలలు పొగగదుల వైపు నడుస్తున్న రోజుల్లో వీళ్లు తమ రోగుల అలవాటు నుంచే ప్రయోగాన్ని రూపొందించుకున్నారు.

పొగగది ఈ ప్రశ్నకు జవాబివ్వలేదు. గొట్టాల్లో ప్రయాణించి, గాలితో కలిసి పలచబడి, చల్లారిన పొగ ఎలుక ముక్కుకు చేరుతుంది. అడ్డపొగలో నిప్పుకూ అంగిలికీ నడుమ వేలెడు దూరమైనా ఉండదు. ముక్కుతోనే ఊపిరి తీసే జంతువుకు అడ్డపొగ నేర్పలేం. ఆకు కూడా వేరే. ప్రామాణిక సిగరెట్టు వర్జీనియా, బర్లీ, ఓరియంటల్ ఆకుల కలగలుపు. చుట్ట ఒక్కో చేతిలో ఒక్కో లావున తయారయ్యేది.

5. చర్చ, ముగింపు

అలాగని పంజరంలో పని వృథా కాదు. ఊపిరితిత్తుల వాపు, గాలి తిత్తుల గోడలు కరిగిపోవడం, డి.ఎన్.ఎ.కు తగిలే గాయాలు, మానేశాక ఏవి కోలుకుంటాయి వంటివి మనుషుల మీద క్రమపద్ధతిలో ప్రయోగించి చూడలేనివి. వాటిని ఎలుకల్లో చూడగలిగారు. కణితి లెక్క ఒక్కదాని కోసమే ఎలుకను వాడితే మాత్రం దాన్ని దాని శక్తికి మించి అడిగినట్టే.

చుట్ట విషయంలో మరో మార్గముంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు అడ్డపొగ తాగేవారికి విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం ఇచ్చి, వారి నోటి కణాల్లో సూక్ష్మకేంద్రకాలను, డి.ఎన్.ఎ.కు అతుక్కున్న క్యాన్సర్ కారకాలను కొలిచారు. 1995లో వెలువడిన ఆ పరిశీలనలో ఈ గుర్తులు తగ్గాయి. ఎలుకను నడిమి సాక్షిగా పిలవనవసరం లేకుండా దెబ్బ తగిలిన చోటే కొలిచారు. అయినా ఇది పోషకాలిచ్చి పొగ సాగనివ్వమనే వాదం కాదు. గాయం మూలం నిప్పూ తారే.

కాబట్టి లంకల ఆకు గురించి ఎవరైనా ఎలుకల ఫలితం చూపి ధైర్యం చెబితే, ముందు అడగాల్సింది ఆ ఎలుక ఏ పొగ పీల్చిందని. అది కెంటకీ సిగరెట్టు చల్లారిన పొగ అయితే, అంగిలి గురించి అది చెప్పగలిగిందేమీ లేదు.