ఓటర్ల జాబితాలో పుట్టిన సంకీర్ణం: కెనడా యూనియన్ ప్రభుత్వం, 1917

మొదటి ప్రపంచయుద్ధం మూడో ఏటికి వచ్చేసరికి బ్రిటిష్ సామ్రాజ్యంలోని స్వపరిపాలక దేశాలన్నిటికీ ఒకే చిక్కు వచ్చిపడింది. తమంతట తాము సైన్యంలో చేరేవాళ్లు కరువయ్యారు. బ్రిటన్‌లో ఆస్క్విత్ సంకీర్ణ ప్రభుత్వం 1916 జనవరిలో నిర్బంధ సైనిక సేవా చట్టం చేసింది. న్యూజిలాండ్‌లో మాసే, వార్డ్‌ల ఉమ్మడి మంత్రివర్గం అదే ఏడాది ఆ దారే పట్టింది. ఆస్ట్రేలియా ప్రజలు 1916లో ఒకసారి, 1917లో మరోసారి ఓటేసి మరీ వద్దన్నారు. కెనడాలో వరస తిరగబడింది. ముందు చట్టం వచ్చింది, సంకీర్ణం ఆ వెనక వచ్చింది. ఆ రెంటి మధ్య ఎన్నికల చట్టాలు మారాయి. 1917 అక్టోబరు 12న ఏర్పడిన యూనియన్ ప్రభుత్వాన్ని జాతీయ ఐక్యతకు నిదర్శనంగా చెప్పడం ఆనాటి నుంచీ ఉంది. అది ఓటర్ల జాబితాను తిరగరాసినందువల్ల సాధ్యమైన ప్రభుత్వమని ఈ వ్యాసం వాదన.

ప్రధాని రాబర్ట్ బోర్డెన్ 1916 నూతన సంవత్సర సందేశంలో ఐదు లక్షల మంది సైనికులను ఇస్తామని మాట ఇచ్చాడు. అప్పటి కెనడా జనాభా దాదాపు 80 లక్షలు. మొదటి దళంలో వెళ్లినవాళ్లలో సగానికి మించి బ్రిటన్‌లో పుట్టి వలస వచ్చినవాళ్లే. కెనడాలోనే పుట్టి పెరిగిన ఇంగ్లీషువాళ్లలోనూ మొదట్లో అంత ఉత్సాహం లేదన్న సంగతి తర్వాతి రోజుల్లో సౌకర్యంగా మరుగున పడి, నింద మొత్తం క్విబెక్ మీద పడింది. 1917 ఏప్రిల్‌లో విమీ రిడ్జ్ దగ్గర నాలుగు రోజుల్లో 10,600 మంది కెనడా సైనికులు చనిపోవడమో గాయపడడమో జరిగింది. ఆ నెలలో కొత్తగా చేరినవాళ్లు అందులో సగం కూడా లేరు. లండన్‌లో సామ్రాజ్య యుద్ధ సమావేశాలు ముగించుకుని వచ్చిన బోర్డెన్, మే 18న పార్లమెంటులో నిర్బంధ భర్తీ తప్పదని ప్రకటించాడు.

క్విబెక్ ఫ్రెంచివాళ్ల విముఖతకు కారణాలు యుద్ధభూమిలో కంటే బడిలోనే ఎక్కువ దొరుకుతాయి. 1912లో ఒంటారియో ప్రభుత్వం 17వ నిబంధన పేరుతో ఫ్రెంచి మాధ్యమ బోధనను తొలి తరగతులకు కుదించింది. ఇంట్లో మన భాషను తొక్కేసి ఐరోపాలో ఎవరి స్వేచ్ఛ కోసం పోరాడమంటారని 'ల దెవ్వార్' పత్రిక సంపాదకుడు ఆన్రీ బురాసా వాదించాడు. రక్షణ మంత్రి శామ్ హ్యూస్ ప్రొటెస్టంటు ఆరెంజ్ సంఘంవాడు. ఫ్రెంచి బెటాలియన్లకు అతని శాఖ ఇచ్చిన ప్రోత్సాహం అంతంత మాత్రమే. అయినా 22వ బెటాలియన్ 1916 సెప్టెంబరులో కూర్సెలెట్ దగ్గర పోరాడి పేరు తెచ్చుకుంది. ఫ్రెంచివాళ్లు పిరికివాళ్లన్న ప్రచారానికి ఇంతకు మించిన జవాబు అక్కర్లేదు.

మే 25న బోర్డెన్ ప్రతిపక్ష నేత విల్‌ఫ్రిడ్ లోరియెను సంకీర్ణంలోకి ఆహ్వానించాడు. జూన్ మొదటి వారంలో లోరియె కాదన్నాడు. తాను చేరితే క్విబెక్ మొత్తం బురాసా చేతికి పోతుందన్నది అతని భయం. ప్రజాభిప్రాయం తీసుకోవాలని అతను పట్టుబట్టాడు, సభ అందుకు ఒప్పుకోలేదు. ఇంగ్లీషు రాష్ట్రాల లిబరల్ సభ్యులు చాలామంది సొంత నాయకుణ్ణి వదిలి బిల్లుకు ఓటేశారు. ఆగస్టు 29న నిర్బంధ సైనిక సేవా చట్టం అమల్లోకి వచ్చింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి: బిల్లుకు మద్దతిచ్చినంత మాత్రాన ఆ సభ్యులు బోర్డెన్ మంత్రివర్గంలో చేరలేదు. ఆగస్టులో విన్నిపెగ్‌లో సమావేశమైన పడమటి రాష్ట్రాల లిబరళ్లు లోరియె నాయకత్వాన్నే బలపరిచారు. అంటే, భర్తీ చట్టం వచ్చినా సంకీర్ణం రాలేదు.

సెప్టెంబరులో బోర్డెన్ మంత్రి ఆర్థర్ మీగెన్ రూపొందించిన యుద్ధకాల ఎన్నికల చట్టం వచ్చింది. శత్రుదేశాల నుంచి వచ్చి 1902 మార్చి తర్వాత పౌరసత్వం పొందినవాళ్ల ఓటు దీనితో పోయింది. యుద్ధాన్ని మత విశ్వాసంగా నిరాకరించే మెన్నొనైట్ల, దుఖొబోర్ల ఓటు కూడా పోయింది. సైనికుల భార్యలకు, తల్లులకు, అక్కచెల్లెళ్లకు, కూతుళ్లకు మాత్రం ఓటు వచ్చింది. మిగతా ఆడవాళ్లు జాతీయ ఎన్నికల్లో ఓటు కోసం 1918 మే దాకా ఆగాల్సి వచ్చింది. మరో చట్టం విదేశాల్లోని సైనికుడికి అభ్యర్థి పేరు అక్కర్లేకుండా 'ప్రభుత్వం' అనో 'ప్రతిపక్షం' అనో ఓటేసే వీలిచ్చింది. సొంత నియోజకవర్గం చెప్పలేనివాడి ఓటును కోరిన చోట లెక్కించుకునే సందు కూడా అందులో ఉంది. ఇంకో విచిత్రం: ఓటు పోగొట్టుకున్నవాళ్లకు నిర్బంధ సేవ నుంచి మినహాయింపు ఇచ్చారు. తుపాకీకి, ఓటుకు ముడిపెట్టిన ఈ లెక్క పైకి న్యాయంగానే కనబడుతుంది. కానీ ఆ ఓట్లు ఎవరివో చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఆస్ట్రియా-హంగరీ నుంచి వచ్చి మైదాన రాష్ట్రాల్లో గోధుమ పండించే ఉక్రేనియన్ రైతులు ఏళ్ల తరబడి లిబరళ్లకు అండ. ఆ అండ పోయాక పడమటి లిబరల్ నాయకులకు లోరియెతో ఉండి ఓడిపోవడం, బోర్డెన్‌తో చేరి గెలవడం అనే రెండు దారులే మిగిలాయి. ఈ చట్టం వచ్చి నెల తిరక్కముందే అల్బర్టా నుంచి సిఫ్టన్, సస్కాచువాన్ నుంచి కాల్డర్, మానిటోబా నుంచి రైతు నాయకుడు క్రెరార్, ఒంటారియో నుంచి రోవెల్ మంత్రులయ్యారు. వీళ్లలో యుద్ధావసరాన్ని నిజంగా నమ్మినవాళ్లు లేరని అనను. రోవెల్ విషయంలో ఆ అనుమానమే అక్కర్లేదు. కానీ మేలో రాని నమ్మకం అక్టోబరులో రావడానికి మధ్యలో మారింది ఓటర్ల జాబితాయే.

డిసెంబరు 17 ఎన్నికల్లో యూనియన్ పక్షం 153 స్థానాలు గెలిచింది, లోరియె లిబరళ్లు 82. ఆ 82లో 62 క్విబెక్‌వే. ఒక దేశం భాష వెంబడి ఇంత నిట్టనిలువుగా చీలిన ఎన్నికలు ప్రజాస్వామ్య చరిత్రలో అరుదు. సైనికుల ఓట్లలో 90 శాతానికి పైగా ప్రభుత్వానికే పడ్డాయి.

గెలుపులో ఇంకో మాట కూడా ఉంది. పోలింగుకు మూడు వారాల ముందు కొత్త రక్షణ మంత్రి మ్యూబర్న్ రైతుల కొడుకులకు మినహాయింపు ఇస్తామన్నాడు. 1918 మార్చిలో జర్మనీ భారీ దాడి మొదలుపెట్టగానే, ఏప్రిల్‌లో ఆ మినహాయింపులన్నీ రద్దయ్యాయి. మేలో దాదాపు ఐదు వేల మంది రైతులు ఒట్టావాకు తరలివచ్చి నిలదీశారు. విత్తనం వేసే కాలంలో కొడుకును తీసుకుపోతే పొలం ఎవరు చూస్తారన్నది వాళ్ల ప్రశ్న.

అంతకుముందే ఈస్టర్ రోజుల్లో క్విబెక్ నగరం రగిలింది. మార్చి 28న మినహాయింపు కాగితాలు చూపలేదని పోలీసులు ఒక యువకుణ్ణి పట్టుకోవడంతో గొడవ మొదలైంది. మర్నాడు జనం భర్తీ రికార్డుల కార్యాలయం మీద పడ్డారు. ఇంగ్లీషు మాట్లాడే ఒంటారియో సైనికులను దించారు. ఏప్రిల్ 1న వాళ్లు జరిపిన కాల్పుల్లో నలుగురు పౌరులు చనిపోయారు. వాళ్లు నిరపరాధులని కరోనర్ జ్యూరీ తేల్చింది.

సైనికంగా ఈ చట్టం ఏం సాధించింది? పిలుపు అందుకుని నమోదైన నాలుగు లక్షల పైచిలుకు మందిలో 90 శాతానికి పైగా మినహాయింపు కోరారు. అందులో ఇంగ్లీషువాళ్లూ తక్కువ లేరు. చివరికి ఫ్రాన్స్ చేరినవాళ్లు దాదాపు 24 వేలు. ఈ అంకె చూసి చట్టం వృథా అనడం చాలాకాలం చరిత్రకారుల్లో పరిపాటిగా సాగింది. హిట్స్‌మన్‌తో కలిసి 1977లో 'బ్రోకెన్ ప్రామిసెస్' రాసిన గ్రానట్‌స్టీన్ కూడా తర్వాత సైనికావసరం విషయంలో అభిప్రాయం మార్చుకున్నాడు. 1918 ఆగస్టు నుంచి నవంబరు దాకా కెనడా కోర్ 45 వేల మందికి పైగా నష్టపోయింది. బలగం తగ్గిన బెటాలియన్లను నింపినవాళ్లలో ఈ నిర్బంధ సైనికులు ఉన్నారని ప్యాట్రిక్ డెన్నిస్ పరిశోధన చూపింది. కాబట్టి సైన్యానికి మనుషులు కావాలన్న బోర్డెన్ మాట అబద్ధం కాదు. ఆ అవసరం ఎంత నిజమైనా, ఓటర్లను ఎంచుకునే అధికారాన్ని అది ప్రభుత్వానికి ఇవ్వదు.

రాజకీయంగా దీని ధర 1921లో తేలింది. క్రెరార్ 1919లోనే మంత్రివర్గం వదిలి రైతుల ప్రోగ్రెసివ్ పార్టీకి నాయకుడయ్యాడు. 1920లో బోర్డెన్ స్థానంలో మీగెన్ ప్రధాని అయ్యాడు. మరుసటి ఏడు జరిగిన ఎన్నికల్లో అతని పార్టీకి క్విబెక్‌లో గానీ, 1917లో ఓట్లు తొలగించిన మూడు మైదాన రాష్ట్రాల్లో గానీ ఒక్క స్థానం దక్కలేదు. ఆ చట్టం రాసిన మీగెన్ తన సొంత నియోజకవర్గంలోనే ఓడిపోయాడు.