గంటం వేగం, కార్డు వేగం



తాటాకు గ్రంథాలను, శాసనాలను డిజిటల్ కెమెరాతో చిత్రించి భద్రపరచాలని పూనుకొనేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న: ఏ మెమరీ కార్డు కొనాలి, దాని వేగం ఎంత ఉండాలి? అంగడిలో అంకెలు చాలా వినిపిస్తాయి. వాటి అర్థాన్ని మన కర్నూలు, కడప సీమల వ్రాతల చరిత్రతో కలిపి పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

మన సీమలో తొలి స్మృతిఫలకాలు రాళ్లే. కర్నూలు జిల్లా జొన్నగిరి సమీపాన ఎఱ్ఱగుడి బండలమీద క్రీ.పూ. 3వ శతాబ్దిలో అశోకుని ధర్మశాసనాలు చెక్కారు. అక్కడి లఘుశాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికి, కొన్ని కుడినుండి ఎడమకు నడుస్తాయి, చాలు చివర ఎద్దులు మళ్లినట్లుగా. పదునాలుగవ శిలాశాసనంలో, వ్రాత కొన్నిచోట్ల అసంపూర్ణంగా ఉండవచ్చుననీ, అందుకు లేఖకుని దోషం కూడ ఒక కారణమనీ ఆ చక్రవర్తే చెప్పాడు. ఎక్కించేటప్పుడు తప్పులు దొర్లడం ఆనాటినుంచీ ఉన్నదే. కడప జిల్లా కలమళ్లలోని రేనాటి చోళ ధనంజయుని శాసనం (సుమారు క్రీ.శ. 575) తొలి తెలుగు శాసనంగా ప్రసిద్ధి కెక్కింది. రాతిమీద పని బహు నెమ్మది. మన్నిక మాత్రం శతాబ్దాల లెక్క.

తాటాకుమీద పని అంతకంటె చురుకు. గంటంతో గీసి, మసి పూసి తుడిస్తే అక్షరం తేలుతుంది. కాని చెద, పురుగు, తేమ ఆకును బ్రతకనీయవు. అందువల్ల కొన్ని తరాల కొకసారి క్రొత్త ప్రతి వ్రాసుకోక తప్పేది కాదు. నడుము, మెడ వంగి ఎంతో శ్రమపడి వ్రాశాము గనుక దీనిని జాగ్రత్తగా కాపాడండని వ్రాయసగాండ్రు గ్రంథాంతంలో వేడుకోవడం ఆచారం.

కాలిన్ మెకంజీ (1754–1821) పరివారం దత్తమండలాల పల్లెలు తిరిగి కైఫీయతులు సేకరించింది. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను అక్కడ బంగళా కొని, స్వంత ఖర్చుతో పండితులను, వ్రాయసగాండ్రను పోషించాడు. ఒక్కొక్క కావ్యానికి పలుప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించాడు. జీర్ణిస్తున్న మెకంజీ సేకరణలకు కూడ నకళ్లు తీయించాడు. ఆ బంగళా ఉన్న చోటనే జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి కృషితో కడపలో బ్రౌను పేరిట గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం వెలశాయి.

ఇక కార్డుల సంగతి. తోషిబా సంస్థలో ఫుజియో మసుఓకా 1980ల్లో కనిపెట్టిన ఫ్లాష్ మెమరీ వీటన్నిటికీ మూలం. 1994లో శాన్‌డిస్క్ వారి కాంపాక్ట్ ఫ్లాష్ వచ్చింది. 1999లో పానసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కలిసి ఎస్‌డి కార్డును ప్రకటించాయి. మొదట్లో వేగాన్ని ‘ఎక్స్’ లెక్కన చెప్పేవారు. తొలి సీడీ సెకనుకు 150 కిలోబైట్లు చదివేది. అదే ఒక ఎక్స్. ఆ లెక్కన 133 ఎక్స్ అంటే సుమారు 20 మెగాబైట్లు. ఎస్‌డి కార్డులమీద తరువాత ‘క్లాస్’ అంకెలు వచ్చాయి. క్లాస్ 4 అంటే సెకనుకు కనీసం 4 మెగాబైట్లు వ్రాయగలదని, క్లాస్ 10 అంటే 10 వ్రాయగలదని పూచీ. యు1 అంటే 10, యు3 అంటే 30. 2016లో వచ్చిన వి30, వి60, వి90 గుర్తులకు అర్థం వాటి అంకెలే చెబుతాయి.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. కార్డుమీద పెద్ద అక్షరాలతో ముద్రించే అంకె తరచుగా చదివే వేగం. వ్రాసే వేగం దానికంటె తక్కువ. పోల్చదలచినవారు ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

మన పనికి ఎంత వేగం కావాలో లెక్క వేద్దాం. మూడువందల ఆకుల గ్రంథానికి రెండు ప్రక్కలా కలిపి 600 చిత్రాలు. కుదించని చిత్రం ఒక్కొక్కటి 25 మెగాబైట్లు అనుకొంటే మొత్తం 15,000 మెగాబైట్లు. సెకనుకు 10 వ్రాసే కార్డుకు 25 నిమిషాలు పడుతుంది. 90 వ్రాసేదానికి మూడు నిమిషాలు చాలు. తేడా పెద్దదిగానే కనిపిస్తుంది. కాని పెళుసుబారిన ఆకును తిప్పి, సరిచేసి, వెలుతురు చూసుకోవడానికి చిత్రానికి ఇరవై సెకన్లయినా పడుతుంది. అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. చిత్రానికి రెండున్నర సెకన్లు తీసుకొనే నిదానపు కార్డు కూడ మన చేతికంటె ముందే పని ముగిస్తుంది. ఎగిరే పక్షిని వరుసగా చిత్రించేవారికి, వీడియో తీసేవారికి వ్రాసే వేగం అవసరం. గ్రంథాలు చిత్రించేవారికి చదివే వేగమే ఎక్కువ ఉపకరిస్తుంది. ఎందుకంటే ఊరు విడిచేలోగా రెండవ ప్రతి తీసుకోవాలి.

ఈ రెండవ ప్రతి మాటే ముఖ్యం. 2009 అక్టోబరు తొలిరోజుల్లో తుంగభద్ర కర్నూలు నగరాన్ని ముంచెత్తినప్పుడు, బురదలో నానిన పుస్తకాలను, దస్తావేజులను వీధుల్లో ఎండబెట్టుకొన్నవారిని చూశాను. వేరొకచోట నకలు లేని కాగితం తిరిగి రాలేదు. మెమరీ కార్డుకూ ఆ గతి తప్పదు. సూక్ష్మమైన విద్యుదావేశం రూపంలో అది సమాచారాన్ని నిలుపుకొంటుంది. ఏళ్ల తరబడి పెట్టెలో పెట్టి మరచిపోతే ఆ ఆవేశం క్రమంగా తరిగిపోవచ్చు. కనుక కార్డును గ్రంథాలయం అనుకోరాదు. అది ఊరినుండి ఇంటికి చేర్చే సంచి మాత్రమే.

కొనేవారికి నా సలహా ఇది. నమ్మకమైన అంగడిలో యు3 లేదా వి30 గుర్తున్న కార్డులు రెండు కొనండి. నకిలీలు విస్తారం గనుక మొదట ఒకసారి పూర్తిగా నింపి, అన్నీ తెరుచుకొంటున్నాయో లేదో పరీక్షించండి. చిత్రాలను ఆ రోజే రెండుచోట్లకు ఎక్కించి, ఒకటి వేరే ఊళ్లో ఉంచండి. అంతకంటె ఖరీదైన కార్డుకు పెట్టే సొమ్ముతో మరొక ఊరికి ప్రయాణం చేయవచ్చు. అటకలమీద గ్రంథాలున్న ఇళ్లు మన రెండు జిల్లాలలో ఇంకా ఉన్నాయి. పురుగు మాత్రం మన కార్డు వేగం కోసం ఆగదు.

మీ దగ్గర అటువంటి గ్రంథాలుంటే తెలియజేయగలరు.

స్వస్తి.