మా హీరో కంపెనీలో ఏం తయారవుతుంది?

ఆ మధ్య ఒక పాఠకురాలు నాకు ఇన్లాండ్ లెటరు రాసింది. ఈ రోజుల్లో కూడా ఉత్తరాలు రాసేవాళ్ళున్నారని సంబరపడి విప్పాను. మొదటి నాలుగు వాక్యాలూ పొగడ్తే. అయిదో వాక్యం దగ్గర నా నవ్వు ఆగిపోయింది.

"మీ హీరోగారు రోజూ పది గంటలకి కారెక్కి కంపెనీకి వెళ్తారు, సాయంత్రం అలిసిపోయి వస్తారు. చివర్లో కంపెనీ నష్టాల్లో పడుతుంది, మళ్ళీ లాభాల్లోకి వస్తుంది. అంతా బాగానే ఉంది గానీ, ఇంతకీ ఆ కంపెనీలో ఏం తయారవుతుందండీ?"

గబగబా నా నవలలన్నీ తిరగేశాను. నిజం చెప్పొద్దూ, నాలుగింటిలో హీరోకి కంపెనీ ఉంది. గేటుకి బోర్డుంది, గూర్ఖా ఉన్నాడు, హీరో గదిలో ఏ.సీ. కూడా ఉంది. లోపల ఏం చేస్తారో మాత్రం ఎక్కడా లేదు! బి.ఏ. చదివినదాన్ని, నాకు ఫ్యాక్టరీల సంగతులేం తెలుస్తాయి అని సర్దిచెప్పుకోబోయాను. కానీ ఆ ప్రశ్న వదల్లేదు.

ఆ ఆదివారం మా అక్క కొడుకు భోజనానికొచ్చాడు. వాడు బాయిలర్ల పనిలో ఉన్నాడు. సంగతి చెప్తే పడీపడీ నవ్వాడు.

"బాయిలర్ల కంపెనీ అని రాసెయ్ పిన్నీ."

"బాయిలరంటే రైలింజన్లో ఉండేదే కదరా? ఆ ఇంజన్లు పోయి ఎన్నాళ్ళయింది!"

"అక్కడే పొరబడ్డావు. రైళ్ళలోంచి పోయింది గానీ ఆవిరి ఎక్కడికీ పోలేదు. నువ్వు పొద్దున్న కాచిన ప్యాకెట్టు పాలు, బాబాయి వేసుకున్న బి.పి. మాత్ర, నీ చీర మీది అద్దకం, కాఫీలో పంచదార, రైసుమిల్లులో ఉప్పుడు బియ్యం... ఇవన్నీ తయారయ్యే చోట్ల ఎక్కడో అక్కడ ఆవిరి అవసరం ఉంటుంది."

అలా మొదలైంది నా ఆవిరి చదువు. ఆడవాళ్ళకి ఆవిరి కొత్తేమీ కాదు. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు చెయ్యి కాలని ఇల్లాలెవరు? మరిగే నీళ్ళ చుక్క పడితే చురుక్కుమంటుంది. అదే ఆవిరి తగిలితే బొబ్బలెక్కుతుంది. ఎందుకని నేనెప్పుడూ ఆలోచించలేదు. మావాడు చెప్పాడు. లీటరు నీళ్ళని సున్నా డిగ్రీల నుంచి నూరు డిగ్రీలకి తేవడానికి 100 కిలో కేలరీల వేడి చాలట. నూరు డిగ్రీల దగ్గర ఆ నీళ్ళని పూర్తిగా ఆవిరి చెయ్యాలంటే ఇంకో 540 కావాలట! అంత వేడి లోపలికి పోతున్నా థర్మామీటరు మాత్రం నూరు దగ్గరే కదలకుండా కూచుంటుంది. ఆ వేడంతా ఆవిరి కడుపులో దాక్కుని, మళ్ళీ నీరయ్యేటప్పుడు ఒక్కసారిగా బయటికొస్తుంది. స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ అనే ప్రొఫెసరు 1760ల మొదట్లో ఈ సంగతి కనిపెట్టాడు. గుప్తోష్ణమని మనం స్కూల్లో చదివి, పరీక్ష రాసి, హాయిగా మర్చిపోయాం. ఫ్యాక్టరీలు ఆవిరిని వదలకపోవడానికి కారణం ఇదే. ఒక చోట నిప్పు పెట్టి, గొట్టాల గుండా పది చోట్లకి వేడిని పంపించాలంటే అంతకన్న నమ్మకమైన మోతగాడు లేడు.

సరే, ఇక కంపెనీ కావాలి. మన దేశంలో అలాంటి కంపెనీల చరిత్రలు వెతుకుతూ వెతుకుతూ పుణె దగ్గర ఆగిపోయాను. ఎందుకాగిపోయానో మీకే తెలుస్తుంది.

ఏ.ఎస్. భథేనా అనే పార్సీ పెద్దమనిషి మొదట ఆస్పత్రి సామాన్లు తయారుచేసేవారు. ఆపరేషన్ కత్తులూ గుడ్డలూ క్రిములు లేకుండా చెయ్యాలంటే ఆవిరి కావాలి. అక్కణ్ణించి బాయిలర్ల మీదికి వెళ్ళారు. 1966లో బెల్జియంకి చెందిన వాన్సన్ అనే సంస్థతో కలిసి వాన్సన్ ఇండియా పెట్టారు. తయారుచేసింది కొండంత బాయిలర్లు కావు, చిన్నవి. బేబీ బాయిలర్లు అనేవారట, ఎంత ముద్దు పేరో చూడండి! చిన్నదానికి ఇంకో సుఖం కూడా ఉంది. బాయిలర్లు పేలి ప్రాణాలు పోకుండా 1923లో మన దేశానికంతటికీ ఒక చట్టం చేశారు. దానికింద బాయిలరుకి రిజిస్ట్రేషనూ, ఇన్‌స్పెక్టరు తనిఖీలూ తప్పనిసరి అయ్యాయి. అయితే ఆ రోజుల్లో 22.75 లీటర్లకి, అంటే అయిదు గ్యాలన్లకి, మించని చిన్న పాత్ర ఆ లెక్కలోకి వచ్చేది కాదు.

భథేనాగారి తర్వాత పగ్గాలు పట్టుకున్నది అల్లుడు రొహింటన్ ఆగా. కేంబ్రిడ్జిలో చదువుకున్నవాడు. 1973లో అరబ్బు దేశాల చమురు ధర కొద్ది నెలల్లోనే నాలుగింతలయ్యేసరికి, ఆయిలు కాల్చే బాయిలర్లున్న వాళ్ళందరూ గుండెలు పట్టుకున్నారు. అప్పుడు బొగ్గూ, ఊకా, చెరుకు పిప్పీ విలువ తెలిసొచ్చింది. మనం పొయ్యిలో పారేసే ఊక బాయిలర్లకి తిండి అయింది. ఈ కంపెనీ కూడా అలాంటి బాయిలర్లు చేసింది. 1980లో పేరు మార్చుకుని థర్మాక్స్ అయింది. 1995లో షేర్లు జనానికి అమ్మింది.

ఇంతవరకూ ఇది నా నవలే. కష్టపడ్డ మామగారు, తెలివైన అల్లుడు, ఎదిగే కంపెనీ. మరి హీరోయినేదీ?

ఆమె పేరు అను ఆగా. భథేనాగారి కూతురు, రొహింటన్ భార్య. 1942లో బొంబాయిలో పుట్టింది. సెంట్ జేవియర్స్‌లో ఎకనామిక్స్‌తో బి.ఏ. చదివింది, తర్వాత టాటా సంస్థలో సోషల్ వర్క్ చదివింది. నాలాగే ఆర్ట్సు మనిషన్నమాట! 1982లో భర్తకి గుండె ఆపరేషనయి, ఆ వెంటనే పక్షవాతమొచ్చింది. ఆయన పట్టుదలతో తేరుకుని మళ్ళీ పనిలోకొచ్చాడు. 1985లో ఆవిడ కంపెనీలో చేరింది, మనుషుల మంచిచెడ్డలు చూసే విభాగంలో. లెక్కలూ యంత్రాలూ మనవి కావు అనుకునే రకమే.

1996 ఫిబ్రవరిలో రొహింటన్ గుండెపోటుతో హఠాత్తుగా పోయారు. రెండు రోజులకే డైరెక్టర్ల బోర్డు ఆవిణ్ణి చైర్‌పర్సన్ కుర్చీలో కూచోబెట్టింది. అప్పటికావిడకి యాభై మూడేళ్ళు.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నా రెండో నవలలో ఇలాగే హీరోయిన్ భర్త పోతాడు. నేనేం చేశానో తెలుసా? ఆమెకి తెల్లచీర కట్టి మేడ మీద గదిలో కూచోబెట్టాను. కంపెనీని మరిది చేతిలో పెట్టాను. ఆయన తెచ్చిన కాగితాల మీద ఆమె కళ్ళు తుడుచుకుంటూ సంతకాలు పెడుతుంది. అది రాస్తున్నప్పుడు నాక్కూడా కన్నీళ్ళొచ్చాయి, పాఠకులకీ వచ్చాయి. మరిదికి తెలిసిందేమిటి, ఆమె నేర్చుకోలేనిదేమిటి అన్న ప్రశ్న ఆ రోజు నాకే రాలేదు!

అను ఆగాకి మరుదుల సహాయం లేకపోవడమే కాదు, ఏడవడానికి తీరిక కూడా దొరకలేదు. భర్త పోయిన పద్నాలుగు నెలలకి, ఇరవై అయిదేళ్ళ కొడుకు కురుష్ కారు ప్రమాదంలో పోయాడు. ఆ మాట చదివి పుస్తకం మూసేశాను. ఒక పూటంతా మళ్ళీ తెరవలేకపోయాను. తల్లిని కదా.

ఆవిడ విపశ్యన ధ్యానంతో నిలదొక్కుకుందంటారు. కానీ కంపెనీ నిలవలేదు. మార్కెట్టు చెడింది. 400 రూపాయలు పలికిన షేరు 36కి పడిపోయింది. అప్పుడొచ్చింది ఒక ఉత్తరం, సంతకం లేనిది. రాసినాయన ఒక షేరుదారు. మీకు డబ్బుకి లోటు లేకపోవచ్చు గానీ, మిమ్మల్ని నమ్మిన నన్ను దెబ్బతీశారు అని దాని సారాంశం. పేరులేని ఉత్తరాలని చింపి చెత్తబుట్టలో వెయ్యడమే లోకరీతి. ఆవిడ మాత్రం దాంతో రాత్రుళ్ళు నిద్రపోలేదట. నాకు భర్త పోయాడు, కొడుకు పోయాడు, నన్నెవరేమంటారు అనుకోవచ్చు. అంటే కాదనే వాళ్ళెవరు? అలా అనుకోలేదు. అవతలివాడు కష్టార్జితం పోగొట్టుకున్నాడని మాత్రమే చూసింది.

ఆ తర్వాత చేసింది ఇంకా కష్టమైన పని. వద్దని అన్నవాళ్ళున్నా వినకుండా బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ అనే బయటి సలహాదారుల్ని పిలిచింది. సొంతానికి అలవాటు లేని వ్యాపారాల్ని వదిలించుకుంది. బోర్డుని మార్చి బయటివాళ్ళకి పెద్దపీట వేసింది. రోజువారీ అధికారం మేనేజింగ్ డైరెక్టరుకి అప్పగించి, తనూ, కూతురూ, అల్లుడూ పక్కకి తప్పుకున్నారు. సొంత ఇంటివాళ్ళని కుర్చీ దిగమనడం ఎంత కష్టమో ఉమ్మడి కుటుంబాల్లో పెరిగిన మనకి వేరే చెప్పాలా? కంపెనీ లేచి నిలబడింది. 2004లో ఆవిడ చైర్‌పర్సన్ పదవిని కూతురు మెహర్‌కి ఇచ్చి తప్పుకుంది. ఆ అమ్మాయి లండన్‌లో కెమికల్ ఇంజనీరింగ్ చదివింది. అను ఆగాకి 2010లో పద్మశ్రీ వచ్చింది. 2012 నుంచి ఆరేళ్ళు రాజ్యసభలో నామినేటెడ్ సభ్యురాలిగా కూచుంది.

ఈ కథకి మన వైపు కూడా ఓ కొస ఉంది. తమిళనాడు సరిహద్దులో ఉన్న మన శ్రీసిటీలో 2018లో ఆ కంపెనీ ఒక ఫ్యాక్టరీ తెరిచింది. అక్కడ తయారయ్యేది వేడితో చల్లదనం పుట్టించే యంత్రాలు! "వేడితో చలవా? చెవిలో పువ్వు పెడుతున్నావురా" అన్నాను మావాడితో. వాడు ఓపిగ్గా చెప్పాడు. గాలి తీసేసిన పాత్రలో నీళ్ళు నాలుగైదు డిగ్రీల దగ్గరే మరిగిపోతాయట. మరగడానికి కావలసిన వేడిని పక్క గొట్టంలో నీళ్ళనించి లాక్కుంటాయి గనక ఆ నీళ్ళు చల్లబడతాయి. అలా వచ్చిన ఆవిరిని లిథియం బ్రోమైడ్ అనే ఉప్పు ద్రావణం పీల్చేసుకుంటుంది. మళ్ళీ ఆ ఉప్పుని ఆరబెట్టి పనికి సిద్ధం చెయ్యడానికే వేడి కావాలి. ఫ్యాక్టరీలో వృథాగా పోయే వేడి దానికి చాలు. పోయేదాన్ని పట్టుకుని పనికొచ్చేలా చెయ్యడం... ఇదేదో మా అమ్మమ్మ వంటింటి శాస్త్రంలాగే ఉంది!

రాత్రి ఇదంతా మా వారికి చెప్పాను.

"ఇంతకీ ఇప్పుడేం చేస్తావోయ్, నవల తిరగరాస్తావా?" అన్నారు.

"అచ్చయిపోయినదాన్ని ఏం చేస్తామండీ? ఉత్తరానికి జవాబు మాత్రం రాస్తాను."

రాశాను కూడా. "అమ్మా, మా హీరో కంపెనీలో ఏం తయారవుతుందో ఇన్నాళ్ళూ నాకూ తెలియదు. అడిగినందుకు చాలా సంతోషం. ఇకమీదట బాయిలర్లనుకోండి. రెండో నవలలో మేడ మీద గదిలో ఒకావిడని కూచోబెట్టాను, మీకు గుర్తుండే ఉంటుంది. ఆవిణ్ణి రేపు పదింటికి ఆఫీసుకి పంపిస్తున్నాను. మరిది తెచ్చే కాగితాలు చదవకుండా సంతకం పెట్టవద్దని కూడా చెప్పాను."