సామ్సో

డెన్మార్క్‌లోని చిన్న దీవి. జనాభా సుమారు 4,000. వ్యవసాయమే ప్రధాన జీవనాధారం. స్థానికులు కలిసికట్టుగా కర్బన ఉద్గారాలను తగ్గించిన తీరుకు ప్రపంచంలో పేరెన్నికగన్నది. అంతకుముందు దీవికి చమురు ఓడల్లో, ప్రధానంగా బొగ్గు నుంచి తీసిన కరెంటు సముద్రగర్భ కేబుల్‌లో వచ్చేవి. పదేళ్లలో పునరుత్పాదక ఇంధనానికి మారే పథకం కోసం ప్రభుత్వం 1997లో పెట్టిన పోటీలో ఈ దీవి గెలిచింది. బహుమతిగా నగదేమీ రాలేదు. అందుకే జనాన్ని ఒప్పించడమే అసలు పని అయింది. స్థానిక రైతుబిడ్డ, ఉపాధ్యాయుడు సోరెన్ హెర్మన్‌సెన్ ఊరూరా సమావేశాలు పెట్టి, వ్యతిరేకించినవారి మాటా ఓపికగా విన్నారు.

2000 నాటికి నేలమీద 11 గాలిమరలు నిలిచాయి. వాటిలో తొమ్మిది రైతులవి, రెండు సహకార సంఘాలవి. వాటా కొన్నవాళ్లకు గాలిమర తిరిగితే ఆదాయం. ఉద్యమం నిలదొక్కుకోవడానికి ఈ సొంతదారీతనమే ముఖ్య కారణమని చెప్పాలి. 2003లో సముద్రంలో మరో పది మరలు వెలిశాయి. వాటిలో ఐదు మునిసిపాలిటీవి.

చలిదేశం కనుక ఇళ్లు వెచ్చబెట్టడం పెద్ద ఖర్చు. కోతల తర్వాత పొలాల్లో మిగిలిన ఎండుగడ్డి మోపులను ఊరి బాయిలర్‌లో కాలుస్తారు. కాగిన నీరు భూమిలోపలి గొట్టాల గుండా ఇంటింటికీ వెళ్లి, చల్లారి తిరిగొస్తుంది. దూరపు ఇళ్లవారు సౌర ఫలకాలు, హీట్‌పంపులు పెట్టుకున్నారు.

కార్లు, ఫెర్రీలు మాత్రం చమురుమీదే నడిచాయి. ఆ ఉద్గారాలకు బదులుగా సముద్రపు మరల కరెంటును ప్రధాన భూభాగానికి పంపి లెక్క సరిచేశారు. 2007లో ఇక్కడ ఎనర్జీ అకాడమీ ప్రారంభమైంది.