దొర వరండా, పేరయ్య దారి: ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో దినచర్య, పని విభజన (1866–1878)

సముద్రం దాటి వచ్చిన మిషనరీ రోజంతా ఏం చేసేవాడన్న ప్రశ్నకు తెలుగు క్రైస్తవ చరిత్రల్లో ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: సువార్త ప్రకటించేవాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురం పెట్టిన నాటి నుంచి గడిపిన రోజులను వరసగా పేర్చి చూస్తే ఆ జవాబు సగం కూడా నిలవదు. ఆయన పొద్దు ఎక్కువగా ఉత్తరాలకు, జీతాల లెక్కలకు, పల్లెల తగాదాలకు, గుడారాల ఎత్తుబడికి, అర్జీలకు పోయేది. పల్లెల్లో మాట నడిపినవాళ్ళు మాదిగ బోధకులు. మిషన్ బంగళా ఒక కచేరీ. దాని పని వరండాలో జరిగింది. దాని ఫలితం మాదిగపల్లెల్లో పండింది.

ఈ సంగతి ఇంతకాలం మరుగున పడడానికి మొదటి కారణం డేవిడ్ డౌనీ. 1873 నుంచి నెల్లూరులో పనిచేసిన డౌనీ 1893లో ప్రచురించిన 'ద లోన్ స్టార్' ఈ మిషన్ చరిత్రకు ఇప్పటికీ మొదట చేతికందే ఆధారం. తరవాతి సంఘ చరిత్రలూ జూబిలీ సంచికలూ చాలావరకు దాని పొడిగింపులే. ఆ పుస్తకం కట్టుబడి తేలిగ్గా పట్టుబడుతుంది: స్టేషనుకో అధ్యాయం, అందులో వచ్చిన పోయిన మిషనరీల వరస, ఏటేటా బాప్తిస్మాల లెక్క. వీటన్నిటి కింద ఒక కథ నడుస్తుంది. 1840లో శామ్యూల్ డే నెల్లూరు చేరాడు. ఫలితం కనపడక 1853లో ఆల్బనీ సభలో మిషన్‌ను మూసేద్దామన్నారు. శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ రాసిన ఒక కవిత దాన్ని నిలబెట్టింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జువెట్ దంపతులు, ముగ్గురు తెలుగువాళ్ళు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. 1878లో వేల మంది బాప్తిస్మాలతో ఆ ప్రార్థనకు జవాబు దొరికింది.

కథగా ఇది బాగుంది. చరిత్రగా దీనికున్న లోపం పెద్దది. కొండ మీది ప్రార్థనకూ కోతకూ మధ్య ఉన్న పాతికేళ్ళు ఇందులో ఒట్టి ఎదురుచూపుగా మిగిలిపోతాయి. దున్నిందెవరు, నీళ్ళు పెట్టిందెవరు, రోజుకు ఎన్ని మైళ్ళు నడిచారు, వాళ్ళకు కూడు ఎక్కడిది అన్న ప్రశ్నలకు డౌనీ దగ్గర చోటు లేదు. తెలుగు బోధకుల పేర్లు ఆయన చెబుతాడు, కాని దొర పక్కన నిలబడిన మనుషులుగానే చెబుతాడు. విచిత్రమేమంటే మిషన్‌ను ఎద్దేవా చేసిన 'గంజి క్రైస్తవులు' వాదం కూడా ఇదే చట్రంలో ఇరుక్కుంది. భక్తుడి కథలో దొర వాక్యం ఇస్తాడు, విమర్శకుడి కథలో గంజి పోస్తాడు. రెండిట్లోనూ ఇచ్చేవాడు దొరే, మాదిగవాడు చెయ్యి చాచి నిలబడ్డవాడే.

దీనికి విరుగుడు క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిన రెండు పుస్తకాల్లో ఉంది. 1899 నాటి 'వైల్ సోయింగ్ సాండల్స్' మాదిగల గురువుల గురించీ కుటుంబాల గురించీ చెబుతుంది. 1914 నాటి 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' క్లౌ తన భార్యకు చెప్పుకున్న జీవితకథ. రెండోది వృద్ధాప్యంలో చెప్పి, 1910లో ఆయన పోయాక అచ్చయినది గనక జ్ఞాపకాల్లో నునుపు చేరి ఉండవచ్చు. అయినా పని ఎలా జరిగిందో చెప్పే వివరాల్లో దానికి సాటి మరొకటి లేదు.

క్లౌ వేదాంత పాఠశాల నుంచి నేరుగా వచ్చినవాడు కాడు. మినెసోటాలో గొలుసు పట్టుకుని భూములు కొలిచిన సర్వేయరు. 1864 చివర బోస్టన్‌లో ఓడ ఎక్కి, 1865లో మద్రాసులో దిగి, నెల్లూరులో తెలుగు నేర్చుకున్నాడు. ఆ కాలపు మిషనరీ బల్ల మీద 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువు ఉండేది, ఎదురుగా మునిషీ కూర్చునేవాడు. మునిషీ నేర్పేది పుస్తకాల తెలుగు. తోలు, కళ్ళం, అప్పు, తగాదా అనే మాటలు మాత్రం వరండాలోనే వంటబట్టాయి.

ఒంగోలులో రోజు ఆ వరండాలోనే మొదలయ్యేది. దూరపు పల్లెల నుంచి నడిచి వచ్చిన వాళ్ళు మెట్ల దగ్గర కాచుకుని ఉండేవాళ్ళు. ఒకడి పొలం పని మాన్పించారు, ఒకడి మీద దొంగతనం కేసు పెట్టారు, ఒకడికి బడి పంతులు కావాలి. ఒక్కొక్కరినీ విని, కొందరికి చీటీ రాసిచ్చి, కొందరిని బోధకుడికి అప్పగించేసరికి ఎండ ముదిరేది. తరవాత బోస్టన్‌లోని మిషనరీ యూనియన్‌కు ఉత్తరాలు, బోధకుల జీతాల పద్దులు, బడుల లెక్కలు ఉండేవి. బడుల భారం ఎక్కువగా క్లౌ మొదటి భార్య హారియట్ మోసింది. చలికాలంలో వరండా ఎడ్లబండి ఎక్కేది. చింతతోపులో గుడారం వేస్తే అక్కడా అదే కచేరీ: పగలు ఫిర్యాదులు, పొద్దుగూకాక కూటం.

ఈ యంత్రానికి ఇరుసు మూడు నెలల కూటం. మూడు నెలలకోసారి బోధకులంతా ఒంగోలు చేరేవాళ్ళు. ఏ పల్లెలో ఏం జరిగిందో చెప్పేవాళ్ళు, ఒక ప్రసంగాంశం నేర్చుకునేవాళ్ళు, జీతం పుచ్చుకుని తిరిగి వెళ్ళేవాళ్ళు. బాప్తిస్మం కోరినవాళ్ళు బోధకుల వెంటే వచ్చేవాళ్ళు. మిగతా తొంభై రోజులు పల్లెల్లో దొర నీడ కూడా కనపడేది కాదు. వేల చదరపు మైళ్ళ మేరకు ఒక్క మిషనరీ. గుడారం ఎంత తిరిగినా ఒక ఊరికి ఏడాదికి ఒక పూట దక్కితే గొప్ప. మిషన్ చేసిన పనిని మనిషి రోజుల్లో కొలిస్తే, అందులో విదేశీయుడి వంతు చిటికెడు.

ఆ తొంభై రోజులు ఎలా గడిచేవో యర్రగుంట్ల పేరయ్య జీవితంలో తేటగా కనపడుతుంది. పేరయ్య మాదిగ. ఒంగోలుకు పడమటగా 40 మైళ్ళ దూరంలోని పల్లె ఆయనది. తోళ్ళ బేరం మీద ఉత్తరాన ఏలూరు దాకా తిరిగినవాడు. లందలో తంగేడు చెక్కతో ఊనిన తోలు బావి నీళ్ళు తోడే కపిలబాన అవుతుంది, చెప్పు అవుతుంది. ఆ తోలు ఏ ఊళ్ళో చవకో, ఏ ఊళ్ళో ప్రియమో తెలిసినవాడికి ఏ పల్లెలో తన చుట్టం ఉన్నాడో, ఎవరింట పడుకోవచ్చో, ఏ మునసబు మంచివాడో కూడా తెలుస్తుంది. బంగళాలో ఎన్నేళ్ళు కూర్చున్నా దొరకు ఈ పటం అందదు.

పేరయ్యకు మరో ఆస్తి కూడా ఉంది. క్రైస్తవం వినకముందే ఆయన రాజయోగం ఉపదేశం పొందినవాడు. ఆయన గురువు బండికట్ల వీరమ్మ అనే స్త్రీ. విగ్రహం వద్దు, దేవుడు ఆత్మ అన్న మాట ఆయనకు అక్కడే దొరికింది. ఇంటింటికీ వెళ్ళి కూర్చుని తత్వం చెప్పడం, శిష్యులు పెట్టింది తినడం, రాత్రి పొద్దుపోయేదాకా పాడడం గురువుల పద్ధతి. 1866లో బాప్తిస్మం తీసుకున్నాక పేరయ్య ఆ పద్ధతిని వదల్లేదు, అందులోని మాటను మార్చాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది. అదే నెలలో క్లౌ పేరయ్య ఊరికి వెళ్తే 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. దొర అక్కడ ఉన్నది కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లో మనుషులు మారలేదు, అప్పటికే మారినవాళ్ళు లెక్కలోకి ఎక్కారు. తోలు దారి, గురువు దారి, బోధకుడి దారి ఒకటే దారి.

కొత్తగా చేరినవాళ్ళకు క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. పైకి ఇవి మతనియమాలు. పల్లెలో మాత్రం ప్రతి ఒక్కటీ ఊరి ఒప్పందానికి గండి. మాదిగ ఇంటికి కళ్ళం దగ్గర మేర గింజలు వస్తాయి. బదులుగా చెప్పులు కుట్టాలి, కపిలబాన బాగుచెయ్యాలి, చచ్చిన గొడ్డును లాక్కెళ్ళాలి, జాతరలో డప్పు కొట్టాలి. జాతర ముందు రోజు పొద్దున డప్పు గోడకు వేలాడుతూనే ఉంటే, అది మునసబుకు ప్రార్థనగా కనపడదు, పని ఎగ్గొట్టడంగా కనపడుతుంది. ఆదివారం బాన చిరిగితే తోటకు నీళ్ళు ఆగిపోతాయి. కొన్ని ఊళ్ళలో దీనికి జవాబుగా పని మాన్పించారు, అంగడి సరుకు ఆపారు, దారులు మూసేశారు, కేసులు పెట్టారు. ఆ మనిషి వరండా మెట్ల దగ్గరికి వచ్చేది అప్పుడే. దొర కలం పట్టేదీ అప్పుడే. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోది. తెల్లవాడి చేతిరాతతో వచ్చిన అర్జీకి కరణం చెప్పిన మాటను దాటే బలం ఉండేది. మిషనరీ దినచర్యలో మతం, వకాల్తా విడదీయరానివిగా పెనవేసుకున్నాయి.

1876–78 కరవులో ఈ ఏర్పాటంతా ఒక్కచోట బయటపడింది. మద్రాసు ప్రభుత్వం కరవు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే క్లౌ మూడున్నర మైళ్ళ గుత్త తీసుకున్నాడు. ఇక్కడ అక్కరకొచ్చింది ఆయన బైబిలు జ్ఞానం కాదు, సర్వే గొలుసు. కొలతలు వేశాడు, తాటాకు పాకలు వేయించాడు, బావులు తవ్వించాడు, బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. గుంపుకు పైన ఉన్నది తమలో మనిషే అని తెలిసి ఎక్కడెక్కడి పల్లెల నుంచో జనం ఆ పాకలకు వచ్చారు. పగలంతా పార, తట్ట. తట్ట దించి కాసేపు కూర్చున్నప్పుడు పక్కన బోధకుడు కూర్చునేవాడు. రాత్రి పాకల మధ్య పాట వినపడేది. తిరిగి వెళ్ళిన ప్రతివాడూ ఏ బోధకుడి కింద పనిచేశాడో ఆ పేరు తన పల్లెకు మోసుకుపోయాడు.

కరవు సాగినన్నాళ్ళూ, సుమారు 15 నెలల పాటు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. కూలి కోసం చేరారన్న మాట పడకూడదని ఆయన భయం. 1878 జూన్ నాటికి కాలువ పని అయిపోయింది, ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పేశాడు. అయినా జనం వెనక్కి పోలేదు. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ళ దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర వాళ్ళంతా పోగయ్యారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది: మూడు రోజుల్లో 3,536 మంది.

ప్రతి జూబిలీ సంచికలోనూ 2,222 అన్న అంకె క్లౌ పేరు పక్కనే అచ్చవుతుంది. ఆ రోజు ఆయన నీళ్ళలోకి దిగలేదు. దిగినవాళ్ళు అభిషిక్తులైన ఆరుగురు తెలుగు బోధకులు. ఒక్కో విడతకు ఇద్దరు బాప్తిస్మం ఇస్తుంటే మిగతావాళ్ళు అలసట తీర్చుకునేవాళ్ళు. సుమారు తొమ్మిది గంటల పనిలో 2,222 మంది అంటే నిమిషానికి నలుగురు, ఒక్కొక్కరికి అర నిమిషం. ఆ అర నిమిషానికి వెనక, ఫలానా పల్లె ఫలానా మనిషిని నేనెరుగుదునని పూచీపడ్డ బోధకుడి ఏళ్ళ నడక ఉంది. ఒడ్డున నిలబడ్డ దొరను నడిపించేవాడిగా డౌనీ చట్రం చూపిస్తుంది. ఆయన నిజంగా చేసిన పని, నదిలో జరుగుతున్నదానికి అడ్డు రాకుండా ఒడ్డు మీది ఏర్పాట్లు చూడడం.

మచిలీపట్నంలో 24 ఏళ్ళు స్వదేశం ముఖం చూడకుండా బడి నడిపిన రాబర్ట్ నోబుల్, 1883లో గుంటూరు వచ్చి ఆసుపత్రి కట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ తమ చేతులతోనే పని చేశారన్నది ఒప్పుకోవలసిందే. అయితే బడికీ ఆసుపత్రికీ గోడలుంటాయి, పల్లెకు ఉండవు. పల్లెలను తాకిన చాలా మిషన్లలో ఒంగోలు పద్ధతే కొద్ది మార్పులతో సాగింది. గోదావరి కాలువల మీద పడవల్లో తిరిగిన కెనడియన్ బాప్టిస్టులకు ఆ పడవే వరండా. తెలుగునాట పల్లె క్రైస్తవం విదేశీ మిషనరీ కట్టిన ఇల్లు అనడం కన్నా, మాదిగ, మాల బోధకులు కట్టిన ఇంటికి అతడు దస్తావేజు రాసిపెట్టాడనడమే సత్యానికి దగ్గర.

దీనికి తుది రుజువు సముద్రం అవతల దొరుకుతుంది. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు వెళ్ళిన గిరిమిటియా కూలీల్లో తెలుగువాళ్ళు చాలామంది. 1903లో తెలుగు బాప్టిస్టు సంఘాలు తామే పూనుకుని జాన్ రంగయ్యను వాళ్ళ దగ్గరికి పంపాయి. ఇప్పుడు విదేశంలో ఉన్న మిషనరీ తెలుగువాడే. ఆయనకు మునిషీ అక్కరలేదు, నిఘంటువు అక్కరలేదు. తేయాకు తోటలున్న కియర్స్‌నీలో ఆ ఏడాది చివరికే తెలుగు బాప్టిస్టు సంఘం వెలిసింది. నేటాల్‌లో సంఘం నెలల్లోనే వెలిసిందంటే, కొండ మీది ప్రార్థన కథ దాన్ని వివరించలేదు. పేరయ్య దారి వివరిస్తుంది: తన మనుషుల మధ్యకు, తన మాటతో, వాళ్ళ పాకలో కూర్చోవడానికి వెళ్ళిన మనిషి దారి అది. 1915లో రంగయ్య కన్నుమూసే నాటికి ఆ దారి ఒంగోలు పొలిమేర దాటి మరో ఖండంలో స్థిరపడింది.