కొలబద్దకూ ఒక భాష ఉంది

మనిషి ఎత్తు కొలవడానికి భాష అక్కరలేదు. ప్రజ్ఞను కొలవాలంటే మాత్రం ప్రశ్న అడగాలి, పిల్లవాడికి అది అర్థం కావాలి, అతడు జవాబు చెప్పగలగాలి. తేలికగా కనిపించే ఈ విషయాన్ని విస్మరించినందువల్ల ఎంత అన్యాయం జరిగిందో ప్రజ్ఞాపరీక్షల చరిత్ర చెబుతుంది.

ఈ పరీక్షలు పారిస్‌లో పుట్టాయి. బడిలో వెనుకబడిన పిల్లలను గుర్తించి, వారికి ప్రత్యేక బోధన కల్పించే మార్గం సూచించమని 1904లో ఫ్రెంచి ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. అందులో సభ్యుడైన ఆల్ఫ్రెడ్ బినే, తియోడోర్ సిమోన్‌తో కలిసి 1905లో 30 అంశాల మాపనిని ప్రకటించాడు. 1908 సవరణలో ప్రశ్నలను వయస్సులవారీగా అమర్చారు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఆరేళ్ళవారి ప్రశ్నలకు మించి జవాబు చెప్పలేకపోతే అతని మానసిక వయస్సు ఆరు. దాన్ని అసలు వయస్సుతో భాగించాలని 1912లో విలియం స్టెర్న్ సూచించాడు. ఆ భాగఫలాన్ని నూరుతో హెచ్చిస్తే వచ్చేదే ప్రజ్ఞాలబ్ధి. పై పిల్లవాడికి అది 75. 1911లోనే మరణించిన బినే మాత్రం ప్రజ్ఞను మార్పులేని పరిమాణంగా భావించలేదు. శిక్షణతో అది పెరుగుతుందని నమ్మాడు.

అమెరికా చేరేసరికి పరీక్ష ఉద్దేశమే మారింది. అక్కడ దాన్ని ప్రవేశపెట్టిన హెన్రీ గాడర్డ్ ప్రజ్ఞ వంశపారంపర్యమన్నాడు. 1913లో అతని సహాయకులు న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ దీవిలో, అప్పుడే ఓడ దిగిన వలసదారులను దుబాసీల సాయంతో పరీక్షించారు. వారిలో అత్యధికులను బుద్ధిమాంద్యులుగా లెక్కగట్టారు. అలసట, భయం, పరాయి భాష అన్నీ బుద్ధిలోపం ఖాతాలో పడ్డాయి.

మనదేశంలో వి.వి. కామత్ వేరే దారి పట్టాడు. కన్నడ, మరాఠీ పిల్లలకు తగినట్లు బినే మాపనిని సవరించి, 1940లో గ్రంథంగా వెలువరించాడు. ఇది కేవలం అనువాదం కాదు. ఒక ప్రశ్నకు ఇక్కడి పిల్లలు ఏ వయస్సులో జవాబు చెప్పగలరో మళ్ళీ పరీక్షించి తేల్చుకోవాలి. దీన్నే ప్రామాణీకరణ అంటారు.

కాలిఫోర్నియాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడే తొమ్మిదిమంది పిల్లలను ఇంగ్లీషు పరీక్షల ఆధారంగా మందబుద్ధుల తరగతుల్లో చేర్చారు. వారి తరఫున 1970లో డయానా పేరుతో వ్యాజ్యం నడిచింది. స్పానిష్ కూడా తెలిసిన పరీక్షకులు తిరిగి పరీక్షించగా ప్రజ్ఞాలబ్ధి సగటున 15 పాయింట్లు పెరిగింది. పిల్లలు మారలేదు, అడిగిన భాష మారింది. పిల్లలను వారి ఇంటిభాషలో పరీక్షించాలన్న ఒప్పందంతో ఆ వ్యాజ్యం ముగిసింది.

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. షోలాపూరు నేతపనివారి ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. బళ్ళారిలో ఎందరో పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కామత్ మాపని కన్నడ, మరాఠీ పిల్లల కోసం తయారైనదే; అయినా తెలుగింటి పిల్లవాడికి అది ఇంటిభాషలో పరీక్ష కాదు. రాష్ట్రభాషా ఇంటిభాషా ఒకటే అనుకున్నచోట ఈ పిల్లవాడు లెక్కకు అందడు.

మీలో కొందరు రేపు ఉపాధ్యాయులవుతారు. ఒక పిల్లవాడి పేరు పక్కన తక్కువ అంకె కనిపించినప్పుడు, అతన్ని ఏ భాషలో అడిగారని ముందుగా విచారించండి.